పిల్లల పేర్లు దాచే పెట్టె: గుర్తింపు డేటాబేసు స్థాపనలో గమనించవలసినవి

సరిహద్దు గ్రామంలో పుట్టిన బిడ్డకు పేరు ఒకటే అయినా వ్రాతలు మూడు. ఇంట్లో తెలుగు, బడిలో ఆ రాష్ట్రపు భాష, పై కాగితాలలో ఇంగ్లీషు. బాగేపల్లి, పావగడ ప్రాంతాలలో ఆ రెండవ వ్రాత కన్నడం, హోసూరులో తమిళం, రాయగడ, బరంపురం వైపు ఒడియా, సిరొంచలో మరాఠీ. తెలుగే అధికార వ్యవహారంలో ఉన్న యానాం వారికి మాత్రం ఈ చిక్కు కొంత తక్కువ.

పూర్వం బడి దాఖలా పుస్తకంలో అయ్యవారు పేరు వ్రాసి, సందేహం వస్తే పక్కన చిన్న అక్షరాలతో ఇంకో రూపం కూడా చేర్చేవారు. ఇప్పుడు ఆ పుస్తకం స్థానంలోకి కంప్యూటరు వచ్చినది. కంప్యూటరుకు పక్కన వ్రాసుకొనే చోటు ఉండదు. మనం మొదటి రోజున ఏ గడులు గీసి ఇస్తే అందులోనే అది వ్రాస్తుంది. ఆ గడులను గీసే పనినే డేటాబేసు స్థాపన అంటారు. ఇది యంత్రాలు తెలిసినవారి పని అని మన పెద్దలు పక్కకు తప్పుకుంటున్నారు. గీసేవారికి మన పేర్ల సంగతి తెలియకపోతే ఆ లోటు పిల్లల టి.సి. మీదకు, మార్కుల పట్టిక మీదకు వచ్చి చేరుతుంది కనుక, ఆ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పడం మంచిదని తోచినది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగు వందల మంది పిల్లలున్న ఒక ఉన్నత పాఠశాల. అక్కడ గ్రంథాలయపు లెక్క ఒక సాఫ్ట్‌వేరులో, పాఠాలు ఇంకొకదానిలో, పరీక్షా ఫలితాలు మరొకదానిలో ఉన్నాయి. ప్రతిదానికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డు. పిల్లలు వాటిని నోటుపుస్తకం వెనుక అట్ట మీద వ్రాసుకుంటారు, అందరూ చూస్తారు. దీనికి విరుగుడుగా, "ఈమె ఎవరు, ఈమెకు ఏ తలుపులు తెరవవచ్చును" అన్న రెండు ప్రశ్నలకు మాత్రమే జవాబు చెప్పే ఒక కావలి సాఫ్ట్‌వేరును ముందు నిలుపుతారు. దానినే గుర్తింపు నిర్వహణ సాఫ్ట్‌వేరు అంటారు. ఈ తరహాలో ఉచితంగా లభించేవాటిలో కీక్లోక్ ప్రసిద్ధమైనది. 2014లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరు మూలం అందరికీ బహిరంగం. సొంత కంప్యూటరులోనే నడుపుకోవచ్చును. కావలివాడు కీక్లోక్ అయితే, అతని చేతిలోని చిట్టా డేటాబేసు. చిట్టా తప్పుగా ఉంటే కావలివాడు ఎంత సమర్థుడైనా మన బిడ్డను వాకిట్లోనే నిలబెడతాడు.

కీక్లోక్‌ను తెచ్చి అభ్యాస పద్ధతిలో నడిపితే దానితో వచ్చిన హెచ్2 అనే చిన్న డేటాబేసుతోనే పని మొదలవుతుంది. పది నిమిషాలలో తెర వెలుగుతుంది, చూసినవారు పని అయిపోయినదని సంతోషిస్తారు. అది పరీక్షించి చూసుకొనేందుకే ఉద్దేశించినది. అసలు పిల్లల వివరాలు ఎక్కించే ముందు స్థిరమైన డేటాబేసు ఒకటి వేరుగా స్థాపించవలెను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అందుకు బాగా పనికివస్తుంది, ఇదీ ఉచితమే. వాడుకలో దీనిని పోస్ట్‌గ్రెస్ అంటారు, మనమూ అలాగే అందాము.

ఇక్కడే అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఉన్నది. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త డేటాబేసు సృష్టించేటప్పుడు అది ఏ సంకేత పద్ధతిలో అక్షరాలను దాచవలెనో నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయం తర్వాత మార్చడానికి వీలు లేదు. మార్చాలంటే ఉన్నదంతా బయటకు తీసి, కొత్త డేటాబేసు కట్టి, మళ్ళీ లోపల పెట్టవలెను. మన అక్షరాలకు తగిన పద్ధతి యుటిఎఫ్-8. ఇందులో తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, దేవనాగరి, ఇంగ్లీషు అన్నీ ఒకే గడిలో పక్కపక్కన ఇముడుతాయి. చాలా కంప్యూటర్లలో ఇది తనంతట తానే వస్తుంది. కాని సర్వరును స్థాపించినవారు దాని భాషా ప్రాంతపు అమరికను ఖాళీగా, అంటే "సి" అనే మూల స్థితిలో వదిలేసి ఉంటే, పోస్ట్‌గ్రెస్ ఎస్‌క్యూఎల్ ఆస్కీ అనే పద్ధతిని ఎంచుకుంటుంది. అది ఏమి ఇచ్చినా పుచ్చుకుంటుంది, సరి చూడదు. మొదటి నెల అంతా బాగానే కనబడుతుంది. పాత జాబితాలు ఎక్కించిన రోజున అసలు రంగు బయటపడుతుంది.

పాత జాబితాలు అన్నాను గనుక ఒక మాట. మన బడులలో పాత పేర్ల పట్టికలు చాలా వరకు అను ఫాంట్లలోనో, కర్ణాటకలోనైతే పాత నుడిలోనో కొట్టించినవి. అవి తెర మీద తెలుగులా, కన్నడంలా కనబడినా లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తుల సంకేతాలే. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే చుక్కలు, గీతలు, అర్థం లేని గుర్తులు వస్తాయి. వాటిని ముందుగా యూనికోడ్‌కు మార్చి, ఒక్కొక్క పేరు కంటితో చదివి, ఆ తర్వాతనే డేటాబేసులోకి పంపవలెను. మార్పిడి సాధనాలు వత్తులను, ముఖ్యంగా ర-వత్తును తారుమారు చేయడం తరచుగా జరుగుతుంది. నాలుగు వందల పేర్లు చదవడానికి ఇద్దరికి ఒక పూట చాలు. ఆ పూటను మిగుల్చుకొనేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం.

డేటాబేసు సృష్టించే ఆజ్ఞలో సంకేత పద్ధతి యుటిఎఫ్-8 అని విడిగా పేర్కొనాలి. ఉన్న అచ్చు వేరే పద్ధతిలో ఉంటే పోస్ట్‌గ్రెస్ అంగీకరించదు. అప్పుడు టెంప్లేట్0 అనే ఖాళీ అచ్చును చూపి సృష్టించమనవలెను. ఈ చిన్న కిటుకు తెలియక, వచ్చినదానితో సరిపెట్టుకొనేవారు ఉంటారు. స్థాపించేవారిని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: "మీ డేటాబేసు యుటిఎఫ్-8లో ఉన్నదా? చూపించండి." ఒక్క ఆజ్ఞతో ఆ జాబితా తెర మీదకు వస్తుంది, చూపించడం కష్టమేమీ కాదు.

తర్వాతి సంగతి పేరు పొడవు. "కృష్ణవేణి" అన్నప్పుడు మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు అవి తొమ్మిది: క, ఋత్వం, ష, పొల్లు, ణ, వ, ఏత్వం, ణ, గుడి. యుటిఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్ల చోటు తీసుకుంటుంది గనుక మొత్తం ఇరవై ఏడు బైట్లు. అదే పేరు ఇంగ్లీషులో పదకొండు బైట్లలో సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్ బైట్లను కాక సంకేతాలను లెక్కిస్తుంది, కీక్లోక్ పేరు గడికి 255 చోట్లు ఇస్తుంది; కనుక ఇక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బంది పక్కనున్న పాత గ్రంథాలయ సాఫ్ట్‌వేరు వంటివాటితో. అవి బైట్లను లెక్కించి, యాభై అయిన చోట కోసివేస్తాయి. "వెంకటలక్ష్మీనరసింహమూర్తి" అన్న పేరుకు 72 బైట్లు కావలెను. యాభై దగ్గర కోస్తే "వెంకటలక్ష్మీనరసి" వరకు మిగిలి, చివర ఒక విరిగిన గుర్తు వ్రేలాడుతుంది. తాతగారి పేరు మనవడికి పెట్టుకొనే ఆచారం ఉన్న ఇళ్ళలో ఇంత పొడుగు పేర్లు అరుదు కావు.

కంటికి కనబడని భేదాలు ఇంకొన్ని ఉన్నాయి. "శైలజ"లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ వ్రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. రెండూ తెర మీద ఒక్కటే. వెదికితే మాత్రం ఒకటి దొరికి రెండవది దొరకదు. "సురేష్" వంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కనిపించని విడదీత గుర్తును వదిలిపెడతాయి. అప్పుడు ఒకే బాలుడు రెండు సురేష్‌లుగా నమోదు అవుతాడు. మొదటి రకానికి పోస్ట్‌గ్రెస్‌లోనే మందు ఉన్నది: 2020లో వచ్చిన 13వ కూర్పు నుండి పేర్లను ఒకే ప్రమాణ రూపానికి తెచ్చే సౌకర్యం చేర్చారు. రెండవ రకం దానితో పోదు, చివరి గుర్తును విడిగా తుడిచివేయవలెను. పట్టికను ఎక్కించే ముందే ఈ రెండు పనులు చేయించుకోవడం సులభం.

మా ప్రాంతపు అవ్వ ఒకామె ఈ మాటలన్నీ విని, "ఏమయ్యా అయివారూ, నా మనమరాలికి నేను పెట్టిన పేరును ఆ మిషను ఎట్ల మారుస్తుంది?" అని అడిగినది. మిషను మార్చదు. ఒక లిపి నుండి ఇంకొక లిపికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు పేరు మారుతుంది. తమిళ లిపిలో భాను, బాను, పాను అన్నీ ఒకే తీరున వ్రాస్తారు. అక్కడి నుండి తెలుగుకు తిరిగి తెచ్చేవారు ఊహించవలసిందే. ఒడియాలో వాసుదేవుడు తరచుగా బాసుదేబ్ అవుతాడు. మరాఠీ వ్రాతలో మన ఎ, ఏ లకు భేదం చూపరు. కన్నడం ఒక్కటే మనకు దాదాపు అక్షరానికి అక్షరం సరిపోయే లిపి. ఇంగ్లీషులో ఇంకొక తీరు: "లత" అన్న పేరులో త కింద హెచ్ చేర్చడం దక్షిణాది అలవాటు, మహారాష్ట్రలోనూ ఒడిశాలోనూ హెచ్ లేకుండా వ్రాస్తారు. అక్క హోసూరులో చదివి, చెల్లెలు సిరొంచలో చదివితే ఒకే ఇంటి వారి కాగితాలు రెండు తీరులుగా ఉంటాయి.

కనుక పేరుకు ఒకే గడి చాలదు. తెలుగు రూపం, రాష్ట్ర భాషా రూపం, ఇంగ్లీషు రూపం అని మూడు గడులు ఉండవలెను. ఒక దాని నుండి ఇంకొకటి సాఫ్ట్‌వేరుతో పుట్టించరాదు. ప్రతిదీ కాగితం చూసి నింపవలెను. ఇంగ్లీషు రూపం జనన ధృవపత్రంలో ఉన్నది ఉన్నట్టుగా రావలెను. తెలుగు రూపం తల్లిదండ్రులను అడిగి, వారి చేత వ్రాయించుకొని పెట్టవలెను. కీక్లోక్ మొదట ఇచ్చేది మొదటి పేరు, చివరి పేరు అన్న రెండు గడులే. ఇది పాశ్చాత్యుల ఏర్పాటు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందుంటుంది. కర్ణాటకలో ఊరి పేరో తండ్రి పేరో పొడి అక్షరాలుగా వస్తాయి. చివరి పేరు గడి తప్పనిసరి అయితే గుమాస్తా అందులో చుక్క పెడతాడు, లేదా తండ్రి పేరు దించుతాడు, లేదా బిడ్డ పేరునే రెండుసార్లు కొడతాడు. 2024లో వచ్చిన 24వ కూర్పు నుండి కీక్లోక్‌లో ఈ గడుల అమరికను సంస్థవారే మార్చుకొనే వీలు సహజంగానే ఉన్నది: చివరి పేరును తప్పనిసరి కాకుండా చేయవచ్చు, ఇంటిపేరు, తెలుగు పేరు వంటి కొత్త గడులు చేర్చవచ్చు. దీనికి ఒక అరగంట పడుతుంది.

ఇక ఒకరిని ఇంకొకరి నుండి వేరు చేసేది ఏది? పేరు కాదు, ఒక్క తరగతిలో ముగ్గురు వెంకటేశులు ఉండడం మనకు తెలిసినదే. పేరూ తండ్రి పేరూ పుట్టిన తేదీ కలిపితే చాలునని సాఫ్ట్‌వేరు వారు అనుకుంటారు. మన ఊళ్ళలో బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ తెలియని పిల్లలకు జూన్ 1 అని వేసే అలవాటు ఎంత విస్తారమైనదో వారికి తెలియదు. కీక్లోక్ ప్రతి మనిషికీ లోపల 36 గుర్తుల పొడవైన ఒక సంఖ్యను తానే ఇస్తుంది. పేరు మారినా, ఇంటిపేరు మారినా, పెళ్ళయి ఊరు మారినా ఆ సంఖ్య మారదు. పక్క సాఫ్ట్‌వేరులన్నీ బిడ్డను ఆ సంఖ్యతోనే గుర్తు పెట్టుకోవలెను. లోపలికి ప్రవేశించే పేరుగా బడి దాఖలా సంఖ్యను ఇస్తే సరిపోతుంది.

ఆధార్ సంఖ్యనే ఎందుకు వాడకూడదని కొందరు అడుగుతారు. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని నందుర్‌బార్ జిల్లా టెంభ్లీలో మొదటి సంఖ్య ఇచ్చినది మొదలు ఆ పన్నెండు అంకెలు ఎన్నో పనులకు తాళంచెవి అయినాయి. అటువంటి తాళంచెవిని పిల్లవాడు రోజూ తరగతిలో అందరి ముందు కొట్టే ప్రవేశ నామంగా పెట్టడం తెలివైన పని కాదు. బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు తీర్పులో చెప్పినది. గ్రంథాలయపు తలుపు తెరవడానికి అంతకన్నా అవసరం లేదు. ఆ గడి మీ బడి డేటాబేసులో కనబడితే, ఏ పనికి అని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది.

ఇంకొక చిన్న అమరిక పెద్ద తగాదాలు తెస్తుంది. కీక్లోక్ మామూలుగా ఒక ఈమెయిలును ఒక్కరికే అనుమతిస్తుంది. మన ఇళ్ళలో ఒక ఫోను, ఒక ఈమెయిలు, ముగ్గురు పిల్లలు. పెద్దవాడు నమోదైన తర్వాత మిగిలిన ఇద్దరినీ అది తిరస్కరిస్తుంది. అప్పుడు గుమాస్తా ఏదో ఒక కల్పిత ఈమెయిలు సృష్టిస్తాడు, పాస్‌వర్డు మరచిపోయిన రోజున ఆ ఉత్తరం ఎవరికీ చేరదు. ఈమెయిలుతో ప్రవేశించే పద్ధతిని ఆపివేస్తే, ఒకే ఈమెయిలును పలువురికి అనుమతించే అమరిక అందుబాటులోకి వస్తుంది. దీనిని మొదటి బిడ్డ నమోదు కాకముందే నిర్ణయించుకోవలెను.

భద్రత సంగతి క్లుప్తంగా చెబుతాను. డేటాబేసును దాని సర్వాధికారి ఖాతాతో నడపరాదు. కీక్లోక్ కోసం వేరే ఖాతా, వేరే పాస్‌వర్డు ఇచ్చి, ఆ డేటాబేసుకు ఆ ఖాతానే యజమానిగా చేయవలెను. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుండి యజమాని కాని సాధారణ ఖాతాకు పట్టికలు సృష్టించే అనుమతి తనంతట రాదు. పాత పద్ధతి అలవాటైనవారు ఇక్కడ ఆగిపోయి, విసుగుతో సర్వాధికారి ఖాతానే ఇచ్చేస్తారు. తర్వాత కీక్లోక్ అమరికల ఫైలులో డేటాబేసు రకం, చిరునామా, ఖాతా, పాస్‌వర్డు వ్రాసి మొదటిసారి నడిపితే కావలసిన పట్టికలన్నీ అదే కట్టుకుంటుంది, అవి ఎనభైకి పైగా ఉంటాయి. రెండూ ఒకే కంప్యూటరులో ఉంటే పోస్ట్‌గ్రెస్ బయటి వారి పిలుపుకు పలకకుండా ఉంచవలెను. సహజ స్థితి అదే, దానిని మార్చకపోతే చాలు. కీక్లోక్ ఒకేసారి నూరు దారుల వరకు తెరుచుకోగలదు, పోస్ట్‌గ్రెస్ సహజంగా అనుమతించే మొత్తమూ నూరే. చిన్న బడికి ఇరవై చాలు, ఆ సంఖ్యను తగ్గించి వ్రాస్తే పాత కంప్యూటరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

పిల్లల పాస్‌వర్డులు డేటాబేసులో ఉన్నవి ఉన్నట్టుగా ఉండవు. వాటిని తిరిగి రాబట్టలేని రూపంలోకి మార్చి దాస్తారు; 2024లో వచ్చిన 25వ కూర్పు నుండి ఇందుకు ఆర్గాన్2 అనే పద్ధతి వాడుతున్నారు. కనుక "మీ పిల్లవాడి పాస్‌వర్డు ఏమిటో చూసి చెబుతాను" అని ఎవరైనా అంటే, వారి దగ్గర అది వేరే కాగితం మీద వ్రాసి ఉన్నదని అర్థం. నిజాయితీ గల జవాబు "కొత్తది పెట్టి ఇస్తాను" అన్నదే.

మన గ్రామాలలో కరెంటు పోవడం రోజువారీ సంగతి. పోస్ట్‌గ్రెస్ తాను చేసే ప్రతి మార్పునూ ముందు ఒక చిట్టాలో వ్రాసుకొని తర్వాత పట్టికలో ఎక్కిస్తుంది గనుక, మధ్యలో కరెంటు పోయినా తిరిగి లేచి ఆ చిట్టా చూసుకొని సర్దుకుంటుంది. వేగం కోసమని ఎఫ్‌సింక్ అనే అమరికను ఆపివేసినవారికి ఈ రక్షణ ఉండదు. అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండవలెను. దీనితో పాటు ప్రతి రాత్రి డేటాబేసు నకలు ఒకటి తీయించి, వారానికొకటి వేరే చోట, తాళం వేసిన బీరువాలో పెట్టవలెను. నకలులో నాలుగు వందల ఇళ్ళ వివరాలు ఉంటాయి. దానిని పెన్‌డ్రైవులో వేసుకొని సినిమాలతో పాటు తిప్పేవారి చేతికి ఇవ్వరాదు. మూడు నెలలకొకసారి ఆ నకలును వేరే కంప్యూటరులో తెరిచి చూడవలెను.

సర్వరు నిర్వహణ సాఫ్ట్‌వేరును కొత్త కూర్పుకు మార్చినప్పుడు అక్షర క్రమపు నియమాలు మారి, పేర్ల సూచికలు తప్పుదారి పట్టే ప్రమాదం ఉన్నది. 2018లో లినక్సు మూల గ్రంథాలయంలో అటువంటి మార్పు జరిగి, ఎన్నో పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల సూచికలను మళ్ళీ కట్టవలసి వచ్చినది. మార్పు జరిగిన రోజున సూచికలను తిరిగి కట్టించమని గుర్తు చేయండి.

స్థాపన పూర్తి అయినదని కబురు వచ్చిన తర్వాత, నిజమైన వివరాలు ఎక్కించే ముందు, బడి కమిటీలోని ఇద్దరు తల్లిదండ్రులు వెళ్ళి కూర్చొని ఏడెనిమిది పేర్లు కొట్టించి చూడవచ్చును. శైలజ, కృష్ణవేణి, ఐశ్వర్య, సురేష్, రాజ్‌కుమార్, వెంకటలక్ష్మీనరసింహమూర్తి. వీటికి కన్నడంలోనో తమిళంలోనో ఆయా రూపాలు. ఒక పేరుకు ఇంటిపేరు లేకుండా. ఇద్దరికి ఒకే ఈమెయిలు. ఆ తర్వాత కంప్యూటరును ఆపి, మళ్ళీ వెలిగించి, ఒక్కొక్క పేరును వెదికించవలెను. నకలు నుండి కూడా అదే పేరు అదే తీరున రావలెను. ఏ పేరైనా విరిగి వస్తే, డేటాబేసును చెరిపి మళ్ళీ కట్టడానికి ఆ రోజున పట్టేది ఒక గంట. నాలుగు వందల మంది ఎక్కిన తర్వాత పట్టే కాలాన్ని ఆ గుమాస్తానే అడగండి.